తలుపు కొట్టి రండి

లిపోవ్,
పుట్టగొడుగుల కాలం

ప్రియమైన తమ్ముడు లుబోర్‌కి,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. కింది వాటాలో ఉండే బ్లాజెనా పన్ను పీకించుకోవడానికి ప్రాగ్ వస్తోంది. ఆవిడ సంచిలో ఎండబెట్టిన పుట్టగొడుగుల అడుగున పెట్టి పంపుతున్నాను. పుట్టగొడుగులు నీకు, పన్ను నొప్పి ఆవిడకి. తారుమారు చేసుకోకండి.

లాండ్రీలో బాయిలర్‌కి బొగ్గు వేసే పని దొరికిందటగా! నాటకాలు రాయాల్సిన మనిషి దుప్పట్లు ఉతకడానికి నీళ్ళు కాస్తున్నాడు. నాటకాలకి మాట అందించాల్సిన నేను ఇక్కడ రొట్టెల దుకాణంలో గసగసాలు చల్లుతున్నాను. ప్రభుత్వం వారు మన కుటుంబాన్ని బాగానే చూసుకుంటున్నారు. పోనీలే, చలికాలం నీకు వెచ్చగా ఉంటుంది.

నాకు మాత్రం వాళ్ళు మూయించేసిన మన 'పావురాల గూడు' మాటిమాటికీ గుర్తొస్తుంది. ఎంత చిన్న నాటకశాల అది! వేదిక అంచున ఆ గుంత, అందులో నేను, నా ఒళ్ళో నీ నాటకం ప్రతి, కళ్ళ ఎదురుగా నటుల బూట్లు. ఎవరైనా మాట మరిచిపోతే గుసగుసగా అందించడం, లేకపోతే నోరు మూసుక్కూర్చోవడం. అంతకన్నా మంచి ఉద్యోగం ఎక్కడైనా ఉందా చెప్పు? నటుడు మరిచిపోయి ఆగాడా, కావాలనే ఆగాడా అన్నది కనిపెట్టడంలోనే ఉంది విద్యంతా. ఒక్కసారి పొరపడ్డాను. నీ రెండో నాటకంలో యారోమీర్ కిటికీ దగ్గర ఆగితే, పాపం పెద్దాయన మరిచిపోయాడనుకుని మాట అందించేశాను. ఆ మౌనం కాస్తా చచ్చి ఊరుకుంది. మన గూడు ఆచారం నీకు తెలుసుగా, మౌనం చెడగొట్టినవాళ్ళు తెర దించాక ప్రేక్షకుల ముందే ప్లమ్ సారా గ్లాసు పట్టుకుని రచయిత దగ్గరికి నడిచి వెళ్ళాలి, వంగి క్షమించమని అడగాలి. నువ్వు కుర్చీలో కాలు మీద కాలేసుకుని, మొహం గంభీరంగా పెట్టి ఆ గ్లాసు అందుకున్నావు చూడు, ఇప్పటికీ నీ చెవి మెలెయ్యాలనిపిస్తుంది.

సరే, అసలు సంగతి. ప్రభుత్వాన్ని నిలదీస్తూ రాసిన ఆ కాగితం మీద నువ్వూ సంతకం చేశావని విదేశీ రేడియోలో పేర్లు చదివారు. తప్పు చేశావని అనను. కానీ భయం భయమే కదరా. మన అమ్మ మేకల కొట్టంలోకి వెళ్ళినా తలుపు కొట్టి వెళ్ళే మనిషి. "మేకలకి మాత్రం మర్యాద ఉండదా?" అనేది. నీ ఇంటికి రాబోయేవాళ్ళని మన అమ్మ పెంచలేదు. ఉన్ని మేజోళ్ళు, పళ్ళ బ్రష్షు సంచిలో సర్ది తలుపు పక్కనే పెట్టుకో.

నిన్ను తిడుతూ నీ గురించే ఆలోచించే
నీ అక్క క్వేతా

—

జైలు,
తొలి మంచు కురిసిన వారం

ప్రియమైన అక్కకి,

ఆరోగ్యంగా ఉన్నాను. ఉన్ని మేజోళ్ళు కాళ్ళకే ఉన్నాయి. శిక్ష ఎన్నేళ్ళో కోర్టులో నువ్వూ విన్నావు కాబట్టి దాని గురించి రాయను.

వారానికి ఒక ఉత్తరం రాసుకోవచ్చు. సొంతవాళ్ళకే, ఇంటి విషయాలే రాయాలి. మా అధికారి గారు ప్రతి అక్షరం చదువుతారు. నేను ముందు రాసిన రెండు ఉత్తరాలూ వెనక్కి ఇచ్చేశారు. వాటిలో హాస్యం ఉందట. నాదే పొరపాటు, ఈసారి లేకుండా జాగ్రత్తపడుతున్నాను.

మరి ఏం రాయమంటారండీ అని ఆయన్నే అడిగాను. చాలాసేపు ఆలోచించి, "నిద్ర పడుతోందో లేదో రాయండి. నిద్ర ఆరోగ్యానికి సంబంధించింది," అన్నారు. కలలు రాయొచ్చా అంటే నిబంధనల పుస్తకం తిరగేశారు. కలల గురించి అందులో ఏమీ లేదట. అందుకని నా కల రాస్తున్నాను.

అదొక ఊరు. ఎప్పుడూ సాయంత్రమే. ఆ ఊళ్ళో ఇళ్ళు లేవు, గోడలు లేవు. కానీ ప్రతి మనిషీ తన తలుపు తన వీపు మీద మోసుకుని తిరుగుతున్నాడు. ఆకుపచ్చ రంగు తలుపులు, పెచ్చులూడిన తలుపులు, అద్దం బిగించినవి. చంటిపిల్లలకి అలమారా తలుపులంత చిన్నవి. ఎవరూ ఏడవడం లేదు, ఎవరికీ బరువుగా ఉన్నట్టు కూడా లేదు. సంతలో కలుసుకుని, తలుపులు ఒకదానికొకటి తగలకుండా పక్కకి తిరిగి పలకరించుకుంటున్నారు. ఒక ముసలాయన మాత్రం తన తలుపు దించి నేల మీద నిలబెట్టి, దాని వెనక కూర్చున్నాడు. ఎవరి కోసమో కూర్చున్నాడు. నేను ఆయన్ని అడగబోయేసరికి మెలకువ వచ్చింది.

దాని అర్థం ఏమిటో నాకు తెలియదు. అధికారి గారికి కూడా తెలియలేదు.

ప్రేమతో,
లుబోర్

—

లిపోవ్,
క్రిస్మస్ చేపలు బజారులోకి వచ్చిన రోజులు

ప్రియమైన తమ్ముడికి,

నీ కలలు వరసగా అందుతున్నాయి. అద్దం తలుపు మోసే పిల్ల తన తలుపులోంచి జనాన్ని చూస్తూ నడిచే కల నాకు మరీ నచ్చింది. మొన్న ఆదివారం చుట్టాలందరూ మా ముందు గదిలో చేరారు. కుర్చీలు చాలక కొందరు మంచం మీద, కొందరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. యారోమీర్ బాబాయి కూడా వచ్చాడు. ఆయన ఇప్పుడు ప్రాగ్‌లో పెద్ద పెద్ద మేడలకి కిటికీలు తుడుస్తున్నాడు, ఒళ్ళు కొంచెం తగ్గింది. బ్లాజెనా వంటింట్లోంచి మా అలమారా తలుపు ఊడదీసి తెచ్చింది. బాబాయి దాన్ని వీపున పెట్టుకుని గది చుట్టూ నడిచాడు. ఎవరూ నవ్వలేదు. బ్లాజెనా ఏడ్చింది. తర్వాత అలమారాలోకి ఎలుక దూరిందని కూడా ఏడ్చింది.

ఒక సందేహం. ఆ ముసలాయన తలుపు వెనక కూర్చుని ఏమీ మాట్లాడడు కదా. అంతసేపు కూర్చున్న మనిషి ఒక్క మాటైనా అనకుండా ఉంటాడా? గోడలు లేని ఊరాయె, ఎవరు పడితే వాళ్ళు పక్కనుంచి వచ్చేస్తుంటారు. అందుకని ఆయనకి ఒక మాట అందించాను. "గోడ లేకపోతేనేం, తలుపు కొట్టి రండి." మన అమ్మ మాటే అనుకో. బాబాయి ఆ మాట అనగానే చుట్టాలు మళ్ళీ అనమన్నారు.

నువ్వేమీ అనుకోవుగా? ఇంకా కలలు రాయి. ఆ ముసలాయన ఎవరి కోసం చూస్తున్నాడో తెలిస్తే ముందు అది రాయి. చుట్టాలు అడుగుతున్నారు.

నీ అక్క,
క్వేతా

—

జైలు,
గాలులు మొదలైన నెల

ప్రియమైన అక్కకి,

మనకి అంతమంది చుట్టాలు ఎప్పుడు పుట్టుకొచ్చారో నాకు తెలియదు. అందరినీ అడిగానని చెప్పు. నా కలలు చదివి వినిపిస్తే నీకు కాస్త కాలక్షేపం అవుతుందంటే నాకు సంతోషమే.

ఆ ముసలాయన మళ్ళీ కలలోకి రాలేదు. ఒక కొత్త మనిషి వచ్చాడు. చాలా దూరం నుంచి నడుస్తున్నాడు, వీపు మీద తలుపు లేదు. సంతలో వాళ్ళంతా ఆయన్ని జాలిగా చూస్తున్నారు. ఒకావిడ తన తలుపు పిడి ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ పిడి పట్టుకుని మంచు పడుతున్న పొలంలోకి నడిచి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను గానీ నా అడుగులు పడలేదు. ఆ పొలం మన లిపోవ్ వెనక ఉన్న చేను లాగే ఉంది. నీళ్ళ మర ఒక్కటే లేదు.

అక్కా, తర్వాత నాకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులు. ఇప్పుడు తగ్గింది, కంగారుపడకు. కానీ జ్వరం తగ్గినప్పటి నుంచి ఒక్క కలా రావడం లేదు. కళ్ళు మూసుకుంటే గోడ, తెరిస్తే గోడ. ఇన్నాళ్ళూ వారానికొకసారి ఆ ఊరు వెళ్ళి వస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది. నాకు నిజంగా భయం వేస్తోంది. అధికారి గారు కూడా, "ఆ పిడి పట్టుకెళ్ళినాయన ఏమయ్యాడు?" అని రెండుసార్లు అడిగారు. నాకు తెలియదన్నాను. ఆయన నమ్మలేదు.

ఇంకో సంగతి. మొన్న ఆయన నా గదికి వచ్చి, తాళం తీసే ముందు తలుపు తట్టారు. తట్టాక ఆయనకే సిగ్గేసినట్టుంది, గట్టిగా దగ్గారు. ఈ వాక్యం ఉంచుతారో కొట్టేస్తారో తెలియదు.

నీ తమ్ముడు,
లుబోర్

—

లిపోవ్,
మంచు కరుగుతున్న రోజులు

ప్రియమైన తమ్ముడికి,

ఆ వాక్యం కొట్టేయలేదురా. పదిసార్లు చదువుకున్నాను.

ఛాతీకి పెట్టుకోవడానికి బాతు కొవ్వు పంపాను, ఇచ్చారా? మిరియాల టీ తాగు. కలలు రాకపోతే పోనీ. నీ బదులు నేను ఉన్నానుగా. నాకు జీవితంలో వచ్చిన పని అదొక్కటే, అవతలి మనిషి ఆగిపోయినప్పుడు అందించడం.

ఆ పిడి మనిషిని నేను ఇంటికి చేర్చాను. విను. పొలం మధ్య ఒక తలుపు నిలబడి ఉంటుంది. దానికి అటు గోడ లేదు, ఇటు గోడ లేదు. పక్కనుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. కానీ ఆయన వెళ్ళడు. తన దగ్గరున్న పిడి బిగించి, తలుపు కొడతాడు. అవతల ముసలాయన లేచి పక్కకి తప్పుకుంటాడు. ఆయన వెనక ఇన్నాళ్ళూ ఒక మనిషి నిలబడి ఉంది, ఆ వచ్చినాయన అక్క. ఆవిడ తలుపు తీస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఏమీ మాట్లాడరు. చాలాసేపు మాట్లాడరు. చివరికి ఆవిడ, "సూప్ చల్లారింది, వేడి చేస్తానుండు," అని లోపలికి వెళుతుంది. అంతే.

చుట్టాల ముందు అది చదివినప్పుడు యారోమీర్ బాబాయి ఎంతసేపు మౌనంగా నిలబడ్డాడంటే, పొయ్యి మీద బ్లాజెనా పెట్టిన పాలు పొంగిపోయాయి. ఎవరూ లేవలేదు, బ్లాజెనా కూడా.

నువ్వు వచ్చినప్పుడు కూడా అలాగే తలుపు తీస్తాను. త్వరగా రా నాయనా.

నీ అక్క,
క్వేతా

—

ప్రాగ్,
విడుదలయ్యాక వచ్చిన వేసవి

అక్కా,

ఇది బ్లాజెనా చేతికే ఇస్తున్నాను. ఆవిడకి ఇంకా ఎన్ని పళ్ళున్నాయి?

నీ దగ్గర వారం రోజులుండి, తిని, పడుకుని, ఒళ్ళు చేసి వచ్చానా? ఆ వారంలో నాకు ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు! నిన్న యారోమీర్ ఒక కట్ట తెచ్చి నా ముందు పడేశాడు. పల్చటి కాగితాల మీద టైపు చేసింది. పైన, 'తలుపు మోసేవాళ్ళు, నాటకం, రచన లుబోర్ మత్యాష్' అని ఉంది. "నీ గొప్ప నాటకం ఇదే బాబూ," అన్నాడు. ఇళ్ళల్లో ఆడుతున్నారట. వియన్నాలో అచ్చు వేశారట. విదేశీ రేడియోలో మూడు వారాలు చదివారట. జైల్లోంచి కలల పేరుతో నాటకం పంపించానట, ఎంత తెలివైనవాణ్ణట!

అక్కా, నేను ఏ నాటకమూ పంపలేదు. నాకు నిజంగానే కలలొచ్చాయి, నిజంగానే రాశాను. వాటికి తలా తోకా లేదు. కట్ట విప్పి చదివితే నాకు తల తిరిగిపోయింది. ఎవరు ముందు రావాలో, ఎవరు ఆగాలో, ఎవరి నోట ఏ మాట పలకాలో అంతా నువ్వే చేశావు. తలుపు పిడి ఇచ్చినావిడకి నేను మొహం కూడా ఇవ్వలేదు, నువ్వు ఆవిడకి ఒక మొగుడినీ ఒక దుఃఖాన్నీ ఇచ్చావు. చివరి రంగం చదివి నేను ఏడ్చాను. నేను ఇన్నేళ్ళు రాసినవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. ఇది పొగడ్త కాదు, నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉంది.

ఇది నీ నాటకం. రేపే అందరికీ చెబుతాను. వియన్నాకి కూడా రాస్తాను.

నీ లుబోర్

—

లిపోవ్,
అదే వారం, బ్లాజెనా తిరిగొచ్చిన సాయంత్రం

ఒరేయ్ లుబోర్,

చెప్పావంటే నా గుమ్మం తొక్కకు. గుమ్మం తొక్కడానికి తలుపు కొట్టినా తీయను.

కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. ఆ నాటకం మీద నీ పేరుంది కాబట్టే వియన్నాలో వేశారు, రేడియోలో చదివారు, నీకు జ్వరం వచ్చిందని పత్రికల్లో రాశారు. నిన్ను శిక్ష పూర్తికాకముందే వదిలింది నీ ఊపిరితిత్తుల మీద జాలితో అనుకుంటున్నావా? జైల్లో కూడా నోరు మూయించలేకపోయిన మనిషని ప్రపంచమంతా అంటోంది. ఇప్పుడు, లేదండీ, రాసింది రొట్టెల దుకాణంలో పనిచేసే మా అక్క అని చెబుతావా? ముందు నవ్వుతారు. తర్వాత నిన్ను మళ్ళీ లోపల పెడతారు. ఆ పైన నా దగ్గరికొస్తారు.

ఇంకా ఒకటి ఉంది, అదీ చెప్పేస్తాను. నాకు భయంరా. పోలీసుల భయం కాదు. నేను గుంతలో కూర్చునే మనిషిని. అక్కడినుంచి అన్నీ బాగా కనపడతాయి, నన్నెవరూ చూడరు. చప్పట్లు కొడుతుంటే నా తల మీద చెక్కలు అదురుతాయి. ఆ అదురు చాలు నాకు. పైకి వచ్చి వెలుగులో నిలబడడం నా వల్ల కాదు. మాట అందించేవాళ్ళు తెర ముందుకి రారు. ఎక్కడా రారు.

అందుకని ఒట్టు వెయ్యి. అమ్మ మీద వెయ్యి. ఈ నాటకం నాదని నోటితో గానీ, రాతతో గానీ ఎవరికీ చెప్పనని.

బ్లాజెనాకి ఇంకా పదకొండు పళ్ళున్నాయట, నీకు చెప్పమంది.

కోపంగా ఉన్నా నీ అక్కే,
క్వేతా

—

ప్రాగ్, కోట,
కొత్త సంవత్సరం వచ్చాక

ప్రియమైన అక్కకి,

ఒట్టు వేసి ఎన్నేళ్ళయిందో, ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను. ఇప్పుడే కష్టంగా ఉంది.

నువ్వు రేడియోలో విన్నావు, టీవీలో చూశావు. కానీ ఆ చప్పుడు నీకు సరిగా వినపడి ఉండదు. చౌరస్తా నిండా జనం, అందరూ జేబుల్లోంచి తాళంచెవులు తీసి గలగలలాడించారు. మంచు పడుతుంటే ఆకాశమే మోగుతున్నట్టుంది. తర్వాత ఒక మూల నుంచి ఎవరో అందుకున్నారు. "తలుపు కొట్టి రండి! తలుపు కొట్టి రండి!" ఇన్నాళ్ళూ తలుపులు తోసుకుని ఇళ్ళల్లోకి జొరబడినవాళ్ళకి ఆ మాట వినపడేలా, లక్షల మంది. నేను బాల్కనీ మీద నిలబడి ఉన్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు, నా మాట నాకే తిరిగి ఇస్తున్నట్టు. అది నా మాట కాదు. మేకల కొట్టం ముందు నిలబడ్డ మన అమ్మది, నీది. ఆ మాట మీదే పాత ప్రభుత్వం పోయింది, నన్ను మోసుకొచ్చి ఈ కోటలో అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇక్కడ ఎన్ని తలుపులున్నాయో! ఒక గది దాటితే ఇంకో గది, దాని వెనక అద్దాల గది, అక్కడినుంచి కిందకి చూస్తే నది మీద పొగమంచు, వంతెన మీద మనుషులు కలలో లాగా నడుస్తుంటారు. ఒక్కోసారి వాళ్ళ వీపుల మీద తలుపులు కనిపిస్తాయి నాకు. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఇక్కడ నేను ఏ తలుపూ కొట్టలేను. నేను దగ్గరికి వెళ్ళేసరికే ఇద్దరు సిపాయిలు తీసేస్తారు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోతుంది. నిద్రలేచినప్పుడల్లా ఎవరో వచ్చి, "అయ్యా, మీ రంగం అయిపోయింది, దుస్తులు అప్పగించండి," అంటారేమోనని కాసేపు ఎదురు చూస్తాను. రారు.

రోజూ జనానికి ఒకటే చెబుతున్నాను అక్కా. నలభై ఏళ్ళు అబద్ధంలో బతికాం, ఇక నిజం మాట్లాడుకుందాం అని. చెప్పి దిగి వస్తాను. కిందకి రాగానే ఎవరో ఒకరు 'తలుపు మోసేవాళ్ళు' పుస్తకం చాచి సంతకం పెట్టమంటారు. పెడతాను. ఆ కలం బరువు నీకు తెలియదు. ఒట్టు తీసెయ్యి అక్కా. ఇప్పుడు నిన్ను పట్టుకుపోయేవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు తీయకపోతే నేను చెప్పను, కానీ ఈ కుర్చీలో ఎంతకాలం కూర్చోగలనో నాకు తెలియదు.

మన 'పావురాల గూడు' వసంతంలో మళ్ళీ తెరుస్తున్నారు. మొదటి నాటకం అదే. పిడి మనిషి యారోమీరే. ఆయనకి ఆ వేషానికి వయసు మించిపోయిందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. రచయితకి ముందు వరసలో కుర్చీ వేస్తామన్నారు. వద్దన్నాను. నీ గుంత అడిగాను. ఆ ఒక్కరోజు మాట అందించేది నేను. కోట వాళ్ళు బెంబేలెత్తిపోయారు, భద్రత అన్నారు. గుంతలో ఉన్నవాణ్ణి ఎవరు చూస్తారయ్యా అన్నాను.

నీకూ బ్లాజెనాకీ టికెట్లు పంపుతున్నాను. బాల్కనీ ఆఖరి వరస, స్తంభం పక్కన. ఎవరికీ కనపడవు. రావాలి.

నీ లుబోర్

—

లిపోవ్,
నాటకం మర్నాడు

అధ్యక్షుల వారికి,

ప్రియమైన అని రాయడం లేదు. రాయాలని లేదు.

ఒట్టు తీయనని నీకు అప్పుడే కబురు పంపాను. అయినా రమ్మన్నావు కదా అని వచ్చాను. మంచి టోపీ పెట్టుకుని, రైల్లో నిలబడి వచ్చాను. దీపాలు ఆరిపోయాయి. తెర లేచింది. ఆ సాయంత్రపు వెలుగు, ఆ తలుపులు, ఆ మంచు! మా ముందు గదిలో అలమారా తలుపుతో ఆడినది అంత పెద్దదై నా ముందు కదులుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. నీ కలలోకి నేనే నడిచి వెళ్ళినట్టు అనిపించింది. చివరి రంగం వచ్చింది. యారోమీర్ తలుపు కొట్టాడు. ఆవిడ తీసింది. ఇద్దరూ చూసుకున్నారు. నాటకశాలంతా ఊపిరి బిగపట్టింది. నేను ఇన్నేళ్ళు నిద్రలో కూడా తలుచుకున్న మౌనంరా అది!

అందులోకి గుంతలోంచి నువ్వు, "అక్కా!" అన్నావు.

గుసగుసగా కూడా కాదు, గట్టిగా! బాల్కనీ దాకా వినపడింది! యారోమీర్ ఉలిక్కిపడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఏమిట్రా అది? ప్రతి నీ ఒళ్ళోనే ఉంది. 'మౌనం' అని నేనే పెద్ద అక్షరాలతో కొట్టించాను. కళ్ళు కనపడడం లేదా? లేక దేశాన్ని ఏలేవాళ్ళకి ఎవరైనా కాసేపు ఊరుకుంటే భరించడం చేతకాదా? గాడిదా! అధ్యక్షుడివని చూడను, నిన్ను గాడిదా అనే అంటాను.

నేను లేచి వచ్చేశాను. మిగతాది చూడలేదు, చూడబుద్ధి కాలేదు. స్టేషన్‌లో కూర్చుని ఏడ్చాను. నాకంటూ ఈ ప్రపంచంలో ఉన్నది ఆ కాస్త మౌనమే. దాన్ని వేరే ఎవరైనా చెడగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

బ్లాజెనా ఇంకా రాలేదు. ఎక్కడ తప్పిపోయిందో.

క్వేతా

—

ప్రాగ్, కోట,
నీ ఉత్తరం అందిన పూటే

ప్రియమైన అక్కకి,

గాడిదనే, ఒప్పుకున్నాను. బ్లాజెనా తప్పిపోలేదు. కోటలో ఉంది. సిపాయిలకి బాతు కొవ్వు గురించి చెబుతోంది. రేపు కారులో పంపుతాను.

నువ్వు లేచి వెళ్ళాక ఏం జరిగిందో విను.

తెర దించారు. చప్పట్లయ్యాక యారోమీర్ మండిపోతూ తెర ముందుకి వచ్చాడు. "ఈ గూట్లో ఒక ఆచారం ఉంది," అన్నాడు. "మౌనం చెడగొట్టినవాళ్ళు బయటికి రావాలి. ఎవరైనా సరే!" నేను గుంతలోంచి పైకి ఎక్కాను. మోకాళ్ళ నిండా దుమ్ము. జనం గొల్లున నవ్వారు. ఆయన ప్లమ్ సారా గ్లాసు నా చేతిలో పెట్టి, "తప్పు చేసింది రచయితే అయితే గ్లాసు ఎవరికిస్తాడయ్యా? ఎవరైనా ఒక అద్దం పట్రండి!" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

నేను అద్దం కోసం ఆగలేదు. గ్లాసు పట్టుకుని కిందకి దిగి, ముందు వరసలో కూర్చున్న మంత్రులని దాటుకుని, మెట్లెక్కి బాల్కనీలోకి వెళ్ళాను. నవ్వులు తగ్గుతూ వచ్చాయి. మన గూడు ఆచారం తెలిసినవాళ్ళు ఆ నాటకశాలలో చాలామందే ఉన్నారు. మౌనం చెడగొట్టినవాడు రచయిత దగ్గరికే నడుస్తాడని వాళ్ళకి తెలుసు. నేను మాత్రం ఒట్టు తప్పలేదు అక్కా. ఈ నాటకం నీదని ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. నా నోట వచ్చింది ఒక్క మాట, అదీ నిన్ను పిలవడమే. ప్రతి నా ఒళ్ళోనే ఉంది. 'మౌనం' అన్న మాట నాకు బాగా కనపడింది. దాన్ని చెడగొట్టాలంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. కానీ నీ దగ్గరికి గ్లాసు పట్టుకుని రావడానికి నువ్వు నాకు మిగిల్చిన దారి అదొక్కటే.

స్తంభం పక్కన నీ కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన బ్లాజెనా. "ఇప్పుడే పోయింది, రైలుకి. మీ మీద మండిపడుతూ పోయింది," అంది. నేను గ్లాసు ఆ కుర్చీలో పెట్టి వంగి దణ్ణం పెట్టాను. ఎవరూ కదల్లేదు. అందరూ ఆ ఖాళీ కుర్చీనే చూస్తున్నారు. చాలాసేపు. నువ్వు రాసుకున్నదానికన్నా పెద్ద మౌనం అక్కా అది. ఈసారి ఎవరూ చెడగొట్టలేదు.

అంటే, బ్లాజెనా చెడగొట్టిందనుకో. "నన్నడిగితే నేనెప్పుడో చెప్పేదాన్ని. మా వంటింటి బల్ల మీదే రాసింది. నేనే ఒట్టూ వేయలేదు," అంది. కింద వేదిక మీద యారోమీర్ టోపీ తీసి బాల్కనీ వైపు వంగాడు. తర్వాత ఎవరో తాళంచెవులు తీశారు. ఒక్కొక్కరే, అందరూ. నువ్వు చౌరస్తాలో వినలేకపోయిన చప్పుడు నీ కోసం మోగింది, నువ్వు రైలు కోసం ఏడుస్తూ కూర్చున్నప్పుడు. నీకు వెలుగంటే భయం కదా, అందుకేనేమో దేవుడు నిన్ను ముందే లేపి పంపించేశాడు. నిన్నెవరూ చూడలేదు. అందరికీ తెలిసింది.

ఆ రాత్రి చాలా కాలానికి నాకు హాయిగా నిద్రపట్టింది. ఆ ఊరు మళ్ళీ వచ్చింది.

ఆ గ్లాసు బ్లాజెనా ఒక సాసరు మూతపెట్టి దాచింది, ఒలకలేదు. ఆదివారం నేనే తెస్తాను. సిపాయిలని ఊరి బయటే ఆపేస్తాను. మేకల కొట్టం వైపు నుంచి నడిచి వస్తాను. సూప్ పెట్టి ఉంచు. నేను తలుపు కొడతాను, నువ్వు తీయి. వెంటనే ఏమీ అనకు, తిట్టకు కూడా. కాసేపు అలాగే నిలబడదాం.

ఈసారి నేను నోరు విప్పను.

నీ తమ్ముడు,
లుబోర్